ఆఖరి చుట్టు ఈల

లోగన్స్‌పోర్ట్, ఇండియానా
20 ఫిబ్రవరి 1966

షికాగో బస్సు ఎక్కగానే అత్తను మరిచిపోయిన వెండెల్‌కి,

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఉత్తరం వచ్చేది. సుఖంగా ఉన్నవాళ్ళెవరూ ఉత్తరాలు రాయరు.

ఇక్కడ మన స్కేటింగ్ రింకు వెలవెలబోతోంది. మీ బ్యాండు వెళ్ళిపోయాక శనివారాలు గ్రామఫోను రికార్డులు పెడుతున్నాను. పిల్లలు చక్రాల బూట్లు కట్టుకొని, భోజనాల పిలుపు కోసం ఎదురు చూసేవాళ్ళలా ఊరికే తిరుగుతున్నారు. మందుల షాపు గ్రబ్స్ నిన్న వచ్చి, "ఆ కుర్రాళ్ళని తయారు చేసింది నువ్వే కదా వెల్డా!" అన్నాడు. నేనేం తయారు చేశానయ్యా అన్నాను. రింకులో నేను వాయించే ఆర్గాన్ పాడైంది. బాగుచేసేవాడు వచ్చేదాకా శనివారం సాయంత్రం ఎవరో ఒకరు చప్పుడు చెయ్యాలి. నువ్వూ, ఆ పాడే లోవెల్ ప్రూయిట్టూ, గిటార్లు పట్టుకున్న స్టకీ అన్నదమ్ములిద్దరూ మా షెడ్డులో ఎలాగూ చప్పుడు చేస్తూనే ఉన్నారు. దాన్ని ఇటు తెచ్చి పెట్టుకున్నాను, అంతే.

మొదటి శనివారం గుర్తుందా? మీకు వచ్చినవి నాలుగే పాటలు. నీ డ్రమ్స్ ఒకసారి పరుగు, ఒకసారి నిద్ర. పాస్టరు గారి భార్య పడి, తనతోపాటు సగం వరుసని పడగొట్టింది. అప్పుడు కదా నీ చెవి పట్టుకొని చెప్పాను, "ఒరేయ్, నీ పక్కవాళ్ళ మొహాలు చూడకు. పాటలో ఎక్కడున్నారో వాళ్ళకే తెలీదు. తిరిగేవాళ్ళ కాళ్ళు చూడు, కాళ్ళెలా పడితే అలా కొట్టు" అని. ఆ రోజు నుంచి దారిలో పడ్డావు. నేను ఆఖరి చుట్టుకి ఈల వెయ్యడం, జనం కేకలేస్తూ దూసుకుపోవడం, వాళ్ళతో పాటు నీ డ్రమ్స్ దూసుకుపోవడం. ఆ ఈల మీదే మీరు 'విజిల్స్' అని పేరు పెట్టుకున్నారు. నాకు మర్యాదకి ఒక్క మాటైనా చెప్పలేదనుకో.

మీరు అక్కడ చేసే రికార్డు రాగానే ఊరందరినీ పిలిచి రింకులో వినిపిస్తాను. గుమ్మానికి అడ్డంగా గుడ్డ కట్టిస్తున్నాను, 'డ్రమ్స్: మన వెండెల్ రౌష్' అని పెద్ద అక్షరాలతో. అక్కడ ఎలా జరుగుతోందో అంతా వివరంగా రాయి.

మీ అత్త
వెల్డా


షికాగో
6 మార్చి

ప్రియమైన అత్తా,

మరిచిపోవడానికి నువ్వేమైనా సులువైన మనిషివా?

రికార్డింగ్ అయిపోయింది. అద్భుతంగా జరిగింది. కంపెనీ మనిషి మిస్టర్ కెస్లర్ నా డ్రమ్స్ విని నోట మాట రాక నిలబడిపోయాడు. స్టూడియో ఎంత బాగుందో చెప్పలేను. దాని చుట్టూ నాలుగు వైపులా వసారా తిరిగి ఉంది, అద్దంలాంటి నున్నటి నేల. అక్కడ ఒక కాఫీ యంత్రం ఉంది. మీట నొక్కితే ముందు కాఫీ పోసి, తర్వాత తీరిగ్గా కప్పు పడేస్తుంది. దాన్ని గెలవడానికి ఒక కిటుకు కనిపెట్టాను. బల్ల మీద చేపల వేట పత్రికలున్నాయి. ఇప్పుడు నన్ను ఏ నదిలో దింపినా బతికిపోతాను. గుమ్మం దగ్గర కూర్చునే బెర్నిస్ అనే అమ్మాయికి ముగ్గురు అన్నలట, ముగ్గురూ మంటలు ఆర్పే ఉద్యోగమేనట. పెద్దన్నకి పిల్లి అంటే భయమట.

మాకందరికీ రేగుపండు రంగు కోట్లు కుట్టించారు, మెడ దగ్గర కుచ్చులతో. లోవెల్ అద్దం ముందు నుంచి కదలడు. చిన్న స్టకీ మాత్రం ఆ కోటులో అచ్చం మీ ముందుగదిలో సోఫాలా ఉన్నాడు. ఊళ్ళు తిరగడానికి పాత రొట్టెల వ్యాను కొన్నాం. దాని మీద 'తాజా రొట్టెలు' అన్న అక్షరాలు ఇంకా చెరపలేదు.

గుడ్డ కట్టడం ఎందుకత్తా? అంత ఆర్భాటం మన ఇంటావంటా లేదు కదా. అసలు పేర్లే వద్దు.

నీ
వెండెల్


లోగన్స్‌పోర్ట్
24 ఏప్రిల్

ఒరేయ్ వెండెల్,

నీ ఉత్తరంలో వసారా ఉంది, కాఫీ ఉంది, చేపలున్నాయి, బెర్నిస్ అన్నగారి పిల్లి కూడా ఉంది. అద్భుతంగా జరిగిందన్న గదిలోపలి సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. అప్పుడే అనుకున్నాను.

నిన్న రికార్డు పండగ చేశాను. గుడ్డ కట్టాను, నువ్వు వద్దన్నావని ఇంకాస్త పెద్దది కట్టాను. ఊరంతా వచ్చింది. పాట మొదలైంది, లోవెల్ గొంతు వినగానే వాళ్ళమ్మ ఏడ్చేసింది. మూడో చరణం రాగానే అలవాటు ప్రకారం నేను ఈల వేశాను. జనం దూసుకుపోయారు. డ్రమ్స్ మాత్రం ఉన్నచోటే ఉండి, ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాలా నిదానంగా పని చేసుకుంటూ పోయాయి. జనం ముందు, పాట వెనక. మలుపు దగ్గర ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. గ్రబ్స్ నా పక్కకొచ్చి, "ఇది మనవాడి చెయ్యిలా లేదే వెల్డా?" అన్నాడు. "వాడికి షికాగో నీళ్ళు పడలేదు" అన్నాను.

నువ్వు వంటింట్లో గిన్నెల మీద చెంచాలతో కొట్టినప్పటి నుంచి వింటున్నాను రా. సంతోషం వస్తే నీ చెయ్యి ఆగదు. ఆ రికార్డులో వాయించినవాడికి సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఎవడు వాడు?

గుడ్డ దింపను. దించితే గ్రబ్స్‌కి జవాబు చెప్పాలి.

అత్త


టెర్ హాట్, ఇండియానా
12 మే

అత్తా,

ఆయన పేరు ఎమిల్ వావ్రెక్. బట్టతల. ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు వేసుకొని, కాగితం సంచిలో భోజనం పట్టుకొని వచ్చాడు.

జరిగింది ఇది. ఆ గది గోడలన్నీ పరుపులు కప్పినట్టుంటాయి. తిరిగే మనిషి లేడు, కదలిక లేదు. ఎటు చూడాలో తెలియలేదు. స్టకీల మొహాలు చూశాను, నువ్వు చెప్పినట్టే వాళ్ళెక్కడున్నారో వాళ్ళకి తెలియదు. మూడుసార్లు వాయించాను, మూడుసార్లూ పాట చెయ్యి జారిపోయింది. కెస్లర్ కేకలేసినా బాగుండేది. "బాగానే కొట్టావు బాబూ, కాసేపు బయట కూర్చో" అన్నాడు. బయట కుర్చీలో కూర్చున్నాను. అందుకే నాకు కాఫీ యంత్రం అంత బాగా తెలుసు. వావ్రెక్ లోపలికి వెళ్ళి, ఒక్కసారి వాయించి, బయటికి వచ్చేశాడు. నా భుజం తట్టి, "బాధపడకు అబ్బాయ్, ఈ రోజు నాకిది మూడో బ్యాండు. వాళ్ళ డ్రమ్మర్లూ ఆ కుర్చీలోనే కూర్చున్నారు" అన్నాడు. ఇక్కడ అందరికీ ఇలాగే చేస్తారట. మంచిమనిషి. తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

మావాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు. లోవెల్ ఒక కప్పు కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టి, తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఊరూరా ఆయన వాయించినట్టు నేను వాయిస్తున్నాను. అద్దె చొక్కా తొడుక్కున్నట్టుంది. సెప్టెంబరులో రెండో రికార్డు. కెస్లర్ నాకు ఒక్క అవకాశం ఇస్తానన్నాడు. అప్పుడూ తప్పితే రికార్డులోనే కాదు, బ్యాండులోనే నేనుండను. వేరే డ్రమ్మర్ని పెడతారు. నాకు భయంగా ఉంది అత్తా. ఎవరికీ చెప్పకు.

వెండెల్


లోగన్స్‌పోర్ట్
19 మే

వెండెల్,

ముందు ముక్కు తుడుచుకో.

నీ చేతుల్లో ఏ లోపమూ లేదు, నీ కళ్ళకి అక్కడ పని లేదు. ఆ తెలివి నీకు లేకపోతే పోయింది, కెస్లర్‌కైనా ఉండొద్దా? కాళ్ళు కనపడని చోట నిన్ను కూర్చోబెట్టి తాళం తప్పావనడం, చేపని కొమ్మెక్కించి ఈత రాదనడం లాంటిది. కదిలేది ఏదో ఒకటి వెతుక్కో. దాన్ని చూస్తూ సాధన చెయ్యి.

లోవెల్ ప్రూయిట్ బూట్లు చూసుకున్నాడా? వాళ్ళమ్మ ఈసారి రింకుకి వచ్చినప్పుడు బిగుతు బూట్లు ఇస్తాను.

అత్త


డబ్యూక్, అయోవా
14 ఆగస్టు

అత్తా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. మేం నిజంగానే పెద్దవాళ్ళమైపోతున్నాం. రేడియో పెడితే మా పాటే. సంతల్లో ముందు పందుల పోటీ, తర్వాత మేము. జనం పందుల కంటే మాకే ఎక్కువ కేకలేస్తున్నారు. నిన్న ఆడపిల్లలు లోవెల్ ఎడమకాలి బూటు లాక్కుపోయారు. వాడు ఒంటి బూటుతో పాడి, ఇది ఫ్యాషన్ అని పత్రికవాడికి చెప్పాడు. దారిలో వ్యాను ఆపి రొట్టెలు అడిగేవాళ్ళు కూడా తగ్గలేదు. ఒక ముసలావిడ రొట్టెలు లేవంటే నమ్మక, లోపలికెక్కి నా డ్రమ్ములు తెరిపించింది.

నీ సలహా పాటించాను. పెద్ద స్టకీ కాలు చూశాను, అది వేరే పాటకి ఆడుతుంది. గోడ గడియారం లోలకం చూశాను, నిద్ర వచ్చింది. గాజు తొట్టిలో ఎర్రచేప కొని ముందు పెట్టుకున్నాను. అది రోజంతా ఒకే మూల నిలబడి నన్నే చూస్తుంది. దానికీ నా మీద నమ్మకం లేదు.

రికార్డింగ్ సెప్టెంబరు 14న, మధ్యాహ్నం. వావ్రెక్‌ని కూడా పిలిచారట, నేను తప్పితే లోపలికి వెళ్ళడానికి సిద్ధంగా బయటే కూర్చుంటాడట. నీ బుర్రలో ఏదో తిరుగుతోందని నాకు తెలుసు. రావద్దు. ఒట్టు వేసి చెప్పు, రానని. అక్కడ నువ్వు కెస్లర్‌తో గొడవ పెట్టుకుంటే నేను మొహం ఎత్తుకోలేను.

వెండెల్


లోగన్స్‌పోర్ట్
21 ఆగస్టు

నాయనా,

నేనెందుకు వస్తాను? మోకాలు గుమ్మడికాయలా వాచింది. పైగా ఆ రోజు రింకు నేలకి మైనం పట్టించాలి. కెస్లర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడనని ఒట్టేస్తున్నాను. నిశ్చింతగా ఉండు.

అత్త


షికాగో
15 సెప్టెంబరు

మోకాలు వాచిన అత్తకి,

నిన్న లోపల జరిగింది నేను రాస్తాను. బయట జరిగింది నువ్వు రాయాలి, లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

రెండుసార్లు వాయించాను, రెండుసార్లూ పోయింది. కెస్లర్ తన అద్దాల గదిలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మంచి సూచన కాదు. "ఇంకొక్కసారి చూద్దాం" అన్నాడు, ఆయన చూపు మాత్రం తలుపు మీదుంది. ఆ తలుపులో అరచెయ్యంత అద్దం ఉంది. అంతా అయిపోయిందనుకొని నేనూ అటే చూశాను. అద్దంలోంచి నెమలికంఠం రంగు టోపీ ఒకటి, ఈక పెట్టుకొని, ఎడమ చేతి వైపుకి తేలుకుంటూ పోయింది.

ఆ టోపీ ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది ఎవరి నెత్తి మీదుంటుందో ఇండియానా రాష్ట్రం మొత్తానికి తెలుసు.

కాసేపటికి మళ్ళీ వచ్చింది, అదే నడక, అదే వేగం. నా చేతులు వాటంతటవే మొదలుపెట్టాయి. కొడుతూ అద్దం వైపే చూస్తున్నాను. టోపీ, మళ్ళీ టోపీ. మొదటి చరణం నీటి మీద పడవలా పోయింది. రెండో చరణంలో టోపీ రావలసిన చోట టోపీ రాలేదు. దాని బదులు నున్నటి బట్టతల వచ్చింది! కర్ర చేతిలోంచి జారబోయి ఆగింది. బట్టతల ఒక్క వెంట్రుకవాసి తప్పకుండా తిరుగుతోంది. వెంట్రుకే లేదనుకో, అయినా తప్పలేదు. మూడో చరణం రాగానే ఆ తల ఒక్కసారిగా దూసుకుపోయింది. నాకు రింకు కనిపించింది, జనం కేకలు వినిపించాయి. ఇక నేను ఆగలేదు. నా వెనకే స్టకీలు, వాళ్ళ వెనక లోవెల్, అందరం కలిసి కొండ మీంచి దొర్లినట్టు వచ్చి పాట చివర పడ్డాం.

కెస్లర్ బయటికొచ్చి, "వేగం పెంచమని ఎవడు చెప్పాడు?" అని అరిచాడు. అప్పుడు లోవెల్, మార్చిలో నా కోసం నోరెత్తని ఆ లోవెల్, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "మా బ్యాండు ఇలాగే వాయిస్తుంది సార్. నచ్చకపోతే పాడేవాణ్ణి కూడా వేరేవాణ్ణి చూసుకోండి" అన్నాడు. ఈసారి వాడు బూట్లు చూసుకోలేదు.

కెస్లర్ మళ్ళీ మళ్ళీ విన్నాడు. "ఈ గరగర ఏమిటి మొదట్లో?" అని అడిగాడు. "పైపులు సార్, పాత భవనం కదా" అన్నాడు చిన్న స్టకీ. "పైపులు బాగున్నాయి, ఉండనీండి" అన్నాడు కెస్లర్. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ ఉండు" అన్నాడు.

నేను బయటికి పరిగెత్తుకొచ్చేసరికి వసారాలో ఎవరూ లేరు. బెర్నిస్ కడుపు పట్టుకొని బల్ల మీద పడి నవ్వుతోంది. నేల మధ్యలో ఒక చెప్పు ఉంది.

అత్తా, నేను బ్యాండులో ఉన్నాను. ఇప్పుడు ఊరందరికీ చెప్పు.

నీ
వెండెల్


లోగన్స్‌పోర్ట్
18 సెప్టెంబరు

నాయనా వెండెల్,

ఒట్టు తప్పానని అనకు. కెస్లర్‌తో మాట్లాడనన్నాను, మాట్లాడలేదు. మనిషి మొహం కూడా చూడలేదు.

బెర్నిస్‌కి నేను నీ అత్తనని చెప్పగానే, "అయితే మా అన్నయ్య పిల్లి సంగతి మీకూ తెలుసా?" అంది. గదిలోకి వెళ్ళను, వసారాలోనే ఉంటానంటే సరేనంది. కుర్చీలో మీ వావ్రెక్ కూర్చొని ఉల్లిపాయల రొట్టె తింటున్నాడు. నేను చక్రాల బూట్లు కట్టుకుంటుంటే, "ఇవెందుకమ్మా?" అని అడిగాడు. "మావాడికి కాళ్ళు కనపడాలి" అన్నాను. "అద్దంలోంచి కాళ్ళు కనపడవే" అన్నాడు. "తల కనపడితే కాళ్ళు వాడే ఊహించుకుంటాడు" అన్నాను. ఆ మనిషి రొట్టె పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు.

అబద్ధానికి దేవుడు అప్పటికప్పుడే శిక్ష వేస్తాడని తెలియదు. లేని మోకాలి నొప్పి రెండో చరణానికి నిజంగానే వచ్చింది. గోడ పట్టుకొని కూలబడ్డాను. "లేవండి, మీరు తిరగండి" అన్నాను వావ్రెక్‌తో. "అమ్మా, నేను వచ్చింది వాడి బదులు వాయించడానికి" అన్నాడు. "వాడి బదులు వాయిస్తే ఏమొస్తుంది, మీ లెక్కలో ఇంకో బ్యాండు అవుతుంది. లేవండి, టైము దాటిపోతోంది!" అన్నాను. టైము అనగానే లేచాడు. నా బూట్లు ఆయనకి పట్టవు కదా, ఆ మెత్తటి చెప్పుల్లోనే నేల మీద జారుతూ పోయాడు. ఏం తాళంరా ఆ మనిషిది! జారడంలో కూడా తప్పలేదు.

మూడో చరణంలో అలవాటుగా ఈల నోట్లో పెట్టుకున్నాను. బెర్నిస్ పులిలా దూకి లాగేసుకుంది. ఇక టోపీ ఊపుతూ, గొంతు తగ్గించి, "ఆఖరి చుట్టు!" అన్నాను. "అంటే?" అన్నాడు. "అంటే పరిగెత్తండి!" అన్నాను. జీవితంలో ఎప్పుడూ తాళం కంటే ముందుకెళ్ళని మనిషి ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత చెప్పు ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తాడు.

కెస్లర్ అరుపు వినపడగానే ఇద్దరం మెట్లు దిగి పారిపోయాం. నేను కుంటుతూ, ఆయన ఒంటి చెప్పుతో. ఎదురుగా హోటల్లో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె తిన్నాం. "మీ మేనల్లుడి చెయ్యి బాగుంది" అన్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పాను, అది కూడా చెప్పాను.

లోవెల్ వాళ్ళమ్మకి ఇక మంచి బూట్లే ఇస్తాను.

అత్త


షికాగో
27 నవంబరు

అత్తా,

మా పాట రేడియో పాటల పట్టికలో అన్నిటికంటే పైకి వెళ్ళిందని నీకు తెలిసే ఉంటుంది. వ్యాను మీద 'తాజా రొట్టెలు' చెరిపేద్దామంటే లోవెల్ ఒప్పుకోవడం లేదు, అదృష్టమట.

ఇప్పుడు షికాగోలో ప్రతి బ్యాండుకీ పాట చివర్లో మాలాగే దూసుకుపోవాలని ఉందట. ప్రతి కంపెనీవాడూ వావ్రెక్‌ని పిలిచి, "ఆ విజిల్స్ కుర్రాడిలా కొట్టండి" అంటున్నాడట. ఆయన చెయ్యి మాత్రం మొండికేసింది. "అబ్బాయ్, ఇన్నేళ్ళు తప్పకుండా ఉండటానికి తిప్పలు పడ్డాను. ఇప్పుడు తప్పమంటే రావడం లేదు. ఒకసారి వచ్చి కాస్త తిరుగుతావా?" అని ఫోను చేశాడు. నిన్న మధ్యాహ్నం అదే స్టూడియోకి వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆ కుర్చీలో ఒక కుర్రాడు కూర్చొని ఉన్నాడు. మోకాళ్ళ మీద డ్రమ్ము కర్రలు. నన్ను చూసి కళ్ళు దించుకున్నాడు. అయోవా నుంచి వచ్చారట, డాన్సు హాల్లో వాయించే బ్యాండట. లోపలున్న వావ్రెక్ కోసం తిరగాలనిపించలేదు నాకు. "వాయించేటప్పుడు ఎటు చూస్తావు?" అని అడిగాను. "డాన్సు చేసేవాళ్ళ భుజాలు. ఇక్కడ భుజాలు లేవు" అన్నాడు.

నేను తలుపు అద్దంలోంచి వావ్రెక్‌కి సైగ చేసి, కుర్రాణ్ణి చూపించాను. ఆయన నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. కర్రలు కింద పెట్టి, మణికట్టు పట్టుకొని, "అబ్బా, చెయ్యి పట్టేసింది! ఇవాళ నా వల్ల కాదు. ఆ బయట కూర్చున్నవాణ్ణి పిలవండి" అని కంపెనీవాడితో చెప్పి బయటికొచ్చాడు. అంత చెడ్డ నటన నేనెక్కడా చూడలేదు.

కుర్రాడు లోపలికి వెళ్ళాడు. మేమిద్దరం ఎడమ చేతి వైపు తిరగడం మొదలుపెట్టాం, భుజాలు ఊపుకుంటూ. బెర్నిస్ నీ టోపీ లేదే అని విచారించింది. లోపల వాడి చెయ్యి మొదట తడబడింది, తర్వాత కుదిరింది. మూడో చరణం రాగానే నేను, "ఆఖరి చుట్టు" అన్నాను.

మిస్టర్ వావ్రెక్ నన్ను దాటుకొని ముందుకు పోయాడు.

నీ
వెండెల్